సర్క్యూట్‌కి వెళ్లే ముందు: మీ చెయ్యి ఏ లీవర్ మీద ఉంది?

పోయిన వారం నా దగ్గర విమానం నడపడం నేర్చుకుంటున్న ఒక కుర్రాడు బేస్ లెగ్‌లో (దిగే ముందు రన్‌వేకి అడ్డంగా ఎగిరే భాగం) కార్బ్ హీట్ (కార్బురేటర్‌లో మంచు కరిగించే వేడిగాలి నాబ్) లాగబోయి మిక్స్చర్ (ఇంజన్‌కి ఇంధనం పాళ్లు మార్చే ఎర్ర నాబ్, పూర్తిగా లాగితే ఇంజన్ ఆగుతుంది) లాగేశాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి చప్పబడిపోయింది. పక్క సీట్లో నేనున్నాను కాబట్టి ఎర్ర నాబ్‌ని వెంటనే లోపలికి తోసేశాను. మామూలుగానే దిగాం. కిందికొచ్చాక వాడు అన్నది ఒక్క మాట: "సార్, కార్బ్ హీటే పట్టుకున్నాననుకున్నాను."

నేను రాయబోయేదంతా ఆ "అనుకున్నాను" గురించే. ఒంటరిగా సర్క్యూట్లు (టేకాఫ్ అయి, రన్‌వే చుట్టూ తిరిగి వచ్చి దిగడం) మొదలుపెట్టబోయే వాళ్లకి చెక్‌లిస్టు చదవండి, వాతావరణం కనుక్కోండి అని మళ్లీ చెప్పను. ఆ మాత్రం తెలియకుండా మీరు ఇంతదాకా రాలేదు.

2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో దిగబోతూ కూలిన యెతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72 గుర్తుండే ఉంటుంది. 72 మంది పోయారు. అంతకుముందు ఇంజన్లలో లోపమేమీ లేదు. ఆకాశం తేటగా ఉంది. విమానం నడుపుతున్న పైలట్ ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్క వెనక అంచు నుంచి కిందికి దించే పలకలు) 30కి దించమంటే, రెండో పైలట్ చెయ్యి ఫ్లాప్ లీవర్‌కి బదులు పక్కనున్న కండిషన్ లీవర్ల (ప్రొపెల్లర్లని అదుపు చేసేవి) మీదికి వెళ్లింది. రెండూ వెనక్కి వచ్చాయి, రెండు ప్రొపెల్లర్లూ ఫెదర్ అయిపోయాయి. అంటే ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అంచు చూపేలా తిరిగిపోయాయి. లోపల ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, థ్రస్ట్ మాత్రం ఉండదు. పవర్ రావట్లేదని నడుపుతున్న పైలట్ అన్నారు కూడా. అయినా ఆ లీవర్లు ఎక్కడున్నాయో ఇద్దరూ గుర్తించలేదు. ఇద్దరూ కెప్టెన్లే. అనుభవం ఉంటే ఈ తప్పు జరగదు అనుకునేవాళ్లు ఈ మాట దగ్గర కాసేపు ఆగండి.

2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ టేకాఫ్ అయిన కాసేపటికే కుడి ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ అయింది. ఎడమ ఇంజన్‌తో చుట్టు తిరిగి వచ్చి దిగొచ్చు. కానీ కాక్‌పిట్‌లో లాగింది ఎడమ పవర్ లీవర్‌ని, ఆపేసింది బాగున్న ఇంజన్‌ని. 43 మంది చనిపోయారు.

ఇలాంటివి విమానాశ్రయం చుట్టుపక్కలే ఎందుకు జరుగుతాయంటే, అక్కడ చేతికి పని ఎక్కువ, కింద ఎత్తు తక్కువ. డౌన్‌విండ్‌లో (రన్‌వే పక్కగా, దిగే దిశకి వ్యతిరేకంగా ఎగిరే భాగం) రేడియో మాట్లాడాలి, ముందున్న విమానాన్ని వెతకాలి, ఫ్లాప్స్ దించాలి, స్పీడ్ తగ్గించాలి. కళ్లు బయట ఉంటాయి, చెయ్యి అలవాటు కొద్దీ తనే వెతుక్కుంటుంది. పైన క్రూజ్‌లో ఇదే తప్పు చేస్తే దిద్దుకోవడానికి నిమిషాలుంటాయి. వెయ్యి అడుగుల దగ్గర అంత వ్యవధి ఎవరిస్తారు?

కాబట్టి లీవర్‌ని ముందు చూడండి. పట్టుకోండి. పేరు పైకి చెప్పండి. అప్పుడు కదపండి. ఒంటరిగా ఉన్నా పైకే చెప్పాలి, ఎందుకంటే నోరు "ఫ్లాప్స్" అంటుంటే చెయ్యి వేరే దాని మీద ఉందని అప్పుడే తెలుస్తుంది. కదిపాక చెయ్యి తియ్యకండి, మీటర్ చూడండి. ఫ్లాప్ సూచిక కదలలేదా? అయితే మీరు కదిపింది ఫ్లాప్ కాదేమో.

ఇంకొకటి. ఏదో కదిపిన వెంటనే విమానం వింతగా ప్రవర్తిస్తే, కారణం వెతుక్కుంటూ కూర్చోకండి. చివరగా కదిపినదాన్ని యథాస్థానంలో పెట్టండి. ఇది నేను విద్యార్థులకి విసుగొచ్చేదాకా చెప్తాను. వాళ్లు విసుక్కుంటారు, నేను మళ్లీ చెప్తాను.

నేనేం తక్కువ తినలేదు. చాలా ఏళ్ల కింద దిగాక ఫ్లాప్స్ ఎత్తబోయి గేర్ (చక్రాలు లోపలికి ముడిచే) లీవర్ పట్టుకున్నాను. చక్రాల మీద బరువుంటే గేర్ లోపలికి పోనివ్వని స్విచ్ ఉంటుంది, అది కాపాడింది. అన్ని విమానాల్లో, అన్ని రోజుల్లో కాపాడుతుందని నమ్మకండి.

తర్వాతది బేస్ నుంచి ఫైనల్‌కి (రన్‌వేకి నేరుగా దిగే చివరి భాగం) తిరిగే మలుపు. వెనకగాలి తోసేస్తే రన్‌వే లైను దాటిపోతారు. ముక్కుని లైనుకి తేవాలని రడ్డర్ (తోకకున్న చుక్కాని) తొక్కుతారు, రెక్క ఎక్కువ వాలుతోందని ఎదురు ఐలరాన్ (రెక్కని వాల్చే పలక) ఇస్తారు, ముక్కు దిగుతోందని స్టిక్ లాగుతారు. స్పిన్‌కి (విమానం గిర్రున తిరుగుతూ పడిపోవడం) కావలసినవన్నీ సమకూరాయి, కోలుకునే ఎత్తు లేదు. ఎత్తు పోనివ్వకుండా 45 డిగ్రీలు వాలిస్తే స్టాల్ స్పీడ్ (ఇంతకంటే తగ్గితే రెక్క విమానాన్ని మొయ్యలేదు) 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకి 41 శాతం. లైను దాటిందా, గో-అరౌండ్ (దిగడం మాని మళ్లీ పైకెళ్లడం). సిగ్గు పడాల్సిందేమీ లేదు.

స్టాల్ హెచ్చరిక వస్తే స్టిక్‌ని ముందుకి తోయాలి. ఇది అందరికీ నోటికొచ్చు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ క్యూ400లో స్టిక్ షేకర్ (స్టాల్ వస్తోందని స్టిక్‌ని వణికించే పరికరం) వణికితే కెప్టెన్ వెనక్కి లాగారు. విమానంలో 49 మంది, కింద ఇంట్లో ఒకరు పోయారు. అక్కడ కూడా బుర్ర కంటే చెయ్యే ముందు కదిలింది.

ఇక వరసగా చెప్తాను, రాసుకోండి.

టేకాఫ్ అవగానే ఇంజన్ ఆగితే ముక్కు దించండి, ఎదురుగా ఉన్న చోటే దిగండి. తక్కువ ఎత్తులో రన్‌వే వైపు వెనక్కి తిరగొద్దు.

రెండింజన్ల విమానంలో ఏ కాలికి పని లేదో ఆ వైపు ఇంజన్ పోయినట్టు. అయినా నమ్మకండి. ఆ వైపు థ్రాటిల్‌ని మెల్లగా వెనక్కి తెచ్చి చూడండి. తేడా ఏమీ లేకపోతేనే ఫెదర్. స్పీడ్‌ని మీటర్‌లో కింద ఉన్న ఎర్ర గీత (ఒక్క ఇంజన్‌తో విమానం అదుపులో ఉండే అతి తక్కువ స్పీడ్) కిందికి పోనివ్వొద్దు.

రన్‌వే మీద ఉండగా ఫ్లాప్స్ ముట్టుకోవద్దు. పక్కకి వచ్చి, ఆగి, చూసి ఎత్తండి.

వాన వెలిశాక ట్యాంకుల నుంచి ఇంధనం తీసి నీళ్లున్నాయేమో చూడండి. ఒకసారి నీళ్లు కనిపిస్తే, అవి పోయేదాకా తీస్తూనే ఉండండి.

గాల్లో తేమ ఉంటే 20 డిగ్రీల వెచ్చదనంలో కూడా కార్బురేటర్‌లో మంచు పట్టొచ్చు. కార్బ్ హీట్ వాడండి. మిక్స్చర్ కాదు, కార్బ్ హీట్. చూసి లాగండి.

పెద్ద విమానం వెనక తొందరపడొద్దు, అది వదిలిన సుడిగాలి సద్దుమణగాలి.

పక్కనున్నవాళ్ల చెయ్యి తప్పు లీవర్ మీద కనిపిస్తే మర్యాద కోసం చూడకండి, అరవండి.

ఫైనల్‌లో కబుర్లు వద్దు.

స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పొద్దు. మాగ్నెటో (ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చే పరికరం) వైరు ఒకటి తెగి ఉంటే చాలు, ఇంజన్ అంటుకుంటుంది.

తిరుగుతున్న ప్రొపెల్లర్ కంటికి కనపడదు. ప్రయాణికులని రెక్క వెనక నుంచే ఎక్కించండి, దించండి. ప్రొపెల్లర్ పక్కన నిలబడి ఫోటోలు వద్దు, ఆగాక కూడా.