ఆసక్తి కొద్దీ ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారు కరెంటు బిల్లుతో మొదలుపెట్టడం ఎలా

హైదరాబాదులో ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని ఉందని ఎవరితో అన్నా ముందుగా వినిపించే పేరు అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లోని శిక్షణ కేంద్రాలు ఉద్యోగం వెతుక్కునేవారి కోసం వెలిసినవి కనుక, ఇంటర్వ్యూల్లో ఏమి అడుగుతారన్నదానిని బట్టే అక్కడి పాఠాల వరుస సాగుతుంది. బ్యాంకులో పనిచేస్తూనో, బడిలో లెక్కలు చెబుతూనో, పదవీ విరమణ తరువాత తీరిక దొరికో ఆసక్తి కొద్దీ నేర్చుకునేవారికి ఆ వరుసతో పెద్దగా పనిలేదు. వారికి పరీక్ష గడువు లేదు, ఫీజు కట్టామన్న బెంగ లేదు. అందువల్ల మధ్యలో ఆపేయడమూ తేలికే. ఇలా సొంతంగా నేర్చుకుంటూ సెలవు రోజుల్లో కలిసి మాట్లాడుకునే మా మిత్రులలో నిలదొక్కుకున్నవారిని గమనిస్తే, వారంతా ఇంటి లెక్క ఒకదానిని పట్టుకుని దాని అంతు తేల్చినవారే. అందుకు కరెంటు బిల్లు కంటే అనువైన లెక్క నాకు కనిపించలేదు.

భాష, పుస్తకం

మొదటి భాషగా పైథాన్‌ను తీసుకోండి. గిడో వాన్ రాసమ్ 1991లో విడుదల చేసిన ఈ భాషలో ఒకే ఒక్క వరుస రాసి, దానిని వెంటనే నడిపి, ఫలితం చూసుకోవచ్చు. ఏ భాష గొప్పదన్న వాదన జోలికి ఇప్పుడే పోనవసరం లేదు.

పుస్తకం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. కోఠి దుకాణాల్లోనూ, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదా తక్కువ ధరకు దొరికే పాత పుస్తకాల్లో చాలా భాగం నేటి కంప్యూటర్లలో నడవని కోడుతో నిండి ఉంటాయి. పైథాన్ మూడో వెర్షన్ 2008లో వచ్చింది. రెండో వెర్షన్‌కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. మీ చేతిలోని పుస్తకం ఏ వెర్షన్‌దో తెలియాలంటే మొదటి అధ్యాయం తిరగేస్తే చాలు: ప్రింట్ అన్న మాట తరువాత బ్రాకెట్ లేకుండా నేరుగా కొటేషన్ గుర్తు ఉంటే అది రెండో వెర్షన్ పుస్తకం, దానిలోని ఉదాహరణలు టైపు చేసినప్పుడల్లా సింటాక్స్ ఎర్రర్ (రాసిన తీరు తప్పన్న సందేశం) వస్తుంది. సి భాష పుస్తకాలదీ ఇదే సంగతి. ప్రతి ప్రోగ్రాం పైభాగాన కోనియో అనే హెడర్ ఫైలు కనిపించిందంటే ఆ పుస్తకం టర్బో సి అనే పాత సాధనం రోజులది. నేడు లైనక్స్‌లో సాధారణంగా వాడే, కోడును యంత్రం నడపగల రూపంలోకి మార్చే జీసీసీ కంపైలర్‌కు ఆ ఫైలే దొరకదు.

పైథాన్ సొంత వెబ్‌సైటు నుంచి ఉచితంగా దింపుకుని ఇన్‌స్టాల్ చేస్తే, విండోస్‌లో దానితో పాటే ఐడిల్ అనే చిన్న ఎడిటర్ వస్తుంది. మొదట్లో అంతకు మించినది అక్కరలేదు.

కరెంటు బిల్లును ప్రోగ్రాంగా రాయడం

గృహ వినియోగదారులకు తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన యూనిట్ ధరలను ఉదాహరణగా తీసుకుందాం; మీ బిల్లు నాటికి ధరలు మారి ఉంటే ఆ అంకెలే వాడండి. నెల వినియోగం 100 యూనిట్ల లోపు ఉంటే మొదటి 50 యూనిట్లకు రూ. 1.95, తరువాతి 50కి రూ. 3.10 చొప్పున లెక్కిస్తారు. వినియోగం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు రూ. 3.40, మిగిలినవాటికి రూ. 4.80. వినియోగం 200 దాటితే మొదటి 200 యూనిట్లకు రూ. 5.10, ఆపై 300 వరకు రూ. 7.70, 400 వరకు రూ. 9, 800 వరకు రూ. 9.50, ఆ పైన రూ. 10.

కొత్తవారు దాదాపు అందరూ దీనిని ఆదాయపు పన్ను స్లాబుల మాదిరిగా భావించి, కింది మెట్టు ధర అలాగే ఉంచి, దాటిన యూనిట్లకు మాత్రమే పై ధర వేస్తూ కోడు రాస్తారు. ఇక్కడ అలా కాదు. వినియోగం 100ను గానీ 200ను గానీ ఒక్క యూనిట్ దాటగానే మొదటి యూనిట్ నుంచి ధర మారిపోతుంది. 200 యూనిట్లకు 340, 480 కలిపి రూ. 820 అవుతుంది, 201 యూనిట్లకు 1020, 7.70 కలిపి రూ. 1027.70 అవుతుంది. ఒక్క యూనిట్‌కు రెండు వందల రూపాయల పైచిలుకు తేడా వస్తుందని బిల్లు ఎన్నేళ్లుగా కడుతున్నవారికి కూడా చాలామందికి తెలియదు, కోడు రాసేటప్పుడు తెలుస్తుంది. కాబట్టి ముందు షరతులను పరీక్షించే ఇఫ్, ఎలిఫ్, ఎల్స్‌లతో వినియోగం మూడింటిలో ఏ వర్గానికి చెందుతుందో తేల్చుకుని, తరువాత ఆ వర్గం లోపలి మెట్లను లెక్కించాలి. ఈ రెండు పనులను విడదీసి చూడగలగడమే ఈ అభ్యాసంలో అన్నిటికంటే విలువైన పాఠం.

యూనిట్ల సంఖ్యను ఇన్‌పుట్‌తో అడిగినప్పుడు పైథాన్ దానిని అంకెగా కాక అక్షరాల వరుసగా తీసుకుంటుంది. దానిని ఇంట్ అనే ఫంక్షన్‌లో వేసి అంకెగా మార్చుకోకపోతే 100తో పోల్చే వరుస దగ్గర టైప్ ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ రాగానే తెర మీద కనిపించే పేరాను పైనుంచి చదవడం మొదలుపెట్టి బెదిరిపోయేవారు ఎక్కువ. పైథాన్‌లో అసలు సంగతి చివరి వరుసలో ఉంటుంది, ఏ వరుసలో జరిగిందో దానికి కాస్త పైన ఉంటుంది. కింది నుంచి పైకి చదవడం అలవాటు చేసుకోండి.

కోడు నడిచిన తరువాత 50, 51, 100, 101, 200, 201, 300, 301 అంకెలను వరుసగా ఇచ్చి, ప్రతిదానినీ కాగితం మీద వేసిన లెక్కతో సరిచూడండి. తప్పులు దాదాపు ఎప్పుడూ ఈ సరిహద్దుల దగ్గరే, అంటే ‘కంటే తక్కువ’ గుర్తు పెట్టాలా, ‘తక్కువ లేదా సమానం’ గుర్తు పెట్టాలా అన్నచోటే ఉంటాయి. అసలు బిల్లుతో పోల్చేటప్పుడు అందులోని ఎనర్జీ చార్జీల వరుసనే చూడాలి, ఎందుకంటే మొత్తంలో ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, విద్యుత్ సుంకం కూడా కలిసి ఉంటాయి. గృహజ్యోతి పథకం వర్తించే ఇళ్లకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా కనుక, ఆ షరతును చేర్చడం తరువాతి అభ్యాసంగా పెట్టుకోవచ్చు.

ఒక వింత కూడా ఎదురవుతుంది. 200ను 5.10తో గుణించమంటే పైథాన్ 1020 అనదు, 1019.9999999999999 అంటుంది. కంప్యూటర్ దశాంశ భిన్నాలను ద్విసంఖ్యామానంలో దాచుకుంటుంది, 5.10 అందులో కచ్చితంగా ఇమడదు. డబ్బు లెక్కలన్నింటినీ పైసల్లోకి మార్చి, 5.10 బదులు 510 అని పూర్ణాంకాలతో గుణించి, చివర తెర మీద చూపేటప్పుడు మాత్రమే రూపాయల్లోకి మారిస్తే ఈ చిక్కు తొలగిపోతుంది.

తెలుగు అక్షరాలతో పని

బిల్లు మీద ఇంటి పెద్ద పేరు తెలుగులో రావాలని అనిపించడం సహజం, అక్కడ మరో పాఠం మొదలవుతుంది. ‘తెలుగు’ అన్న మాట పొడవు ఎంతని లెన్ ఫంక్షన్‌ను అడిగితే 6 అని జవాబు వస్తుంది. మన కంటికి మూడు అక్షరాలే అయినా, అన్ని భాషల అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్ పద్ధతి హల్లును, దాని గుణింతపు గుర్తును విడివిడిగా లెక్కిస్తుంది. ‘హైదరాబాద్’ మాటకు 9 వస్తుంది, చివరి పొల్లు కూడా అందులో ఒకటి. ఇంగ్లీషు పుస్తకాల్లో తప్పకుండా ఉండే ‘మాటను తిరగరాయండి’ అన్న అభ్యాసాన్ని తెలుగు మాటతో చేస్తే, హల్లులకు ముందు గుణింతాలు వచ్చి పడి చదవరాని రూపం కనిపిస్తుంది. హల్లును, దానికి అంటుకున్న గుర్తులను ఒక జట్టుగా చేసి, ఆ జట్లను తిరగరాసే ఫంక్షన్‌ను మీరే తయారుచేయండి. ఒత్తులు ఉన్న మాటలకు అది ఎందుకు పనిచేయడం లేదో తెలుసుకునేసరికి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్‌లు, విలువలను వరుసగా దాచే లిస్టులు బాగా పట్టుబడతాయి. తెలుగును ఫైలులో రాసేటప్పుడు విండోస్‌లో ఎర్రర్ వస్తే, ఫైలు తెరిచే వరుసలోనే, అక్షరాలను దాచే పద్ధతి అయిన ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా పేర్కొనాలి.

అనుభవం అడగడం, చెప్పడం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ హైదరాబాదులో ఉంది. పైథాన్ వాడేవారి దేశవ్యాప్త సమావేశమైన పైకాన్ ఇండియా 2018లో ఇక్కడే జరిగింది. ఇలాంటి సమావేశాల్లో ప్రసంగాలు ఎక్కువగా వృత్తిలో ఉన్నవారి స్థాయిలో సాగుతాయి కాబట్టి, కొత్తవారు ప్రసంగం కంటే టీ విరామంలో తమ కోడును ఒకరికి చూపించడం వల్ల ఎక్కువ లాభపడతారు. ‘నాకు పైథాన్ తేలికగా వచ్చేసింది’ అని ఎవరైనా చెబితే, ఏ ప్రోగ్రాం రాశారో, ఎక్కడ ఆగిపోయారో అడగండి. జవాబులో కోడు లేకపోతే ఆ అనుభవం మీకు పనికిరాదు.

సహాయం అడిగేటప్పుడు ఏమి జరగాలనుకున్నారో, ఏమి జరిగిందో, ఎర్రర్ పూర్తి పాఠం ఏమిటో, సమస్య కనిపించే అతి చిన్న కోడు ఏదో నాలుగూ ఇవ్వాలి. మానిటర్‌ను ఫోనుతో ఫొటో తీసి పంపితే ఎదుటివారు దానిని నడిపి చూడలేరు. కోడును వాట్సాప్‌లో నేరుగా అతికించడమూ మంచిది కాదు: అక్కడ రెండు నక్షత్రం గుర్తుల మధ్య మాట బొద్దు అక్షరాలుగా, రెండు అండర్‌స్కోర్‌ల మధ్య మాట వాలు అక్షరాలుగా మారి ఆ గుర్తులు మాయమవుతాయి. వర్డ్‌లో దాచిన కోడులో తిన్నని కొటేషన్ గుర్తులు వంకర గుర్తులుగా మారతాయి, వాటిని పైథాన్ ఒప్పుకోదు. ఫైలునే పంపడం అన్నిటికంటే క్షేమం.

రెండో భాషగా సి నేర్చుకోదలిస్తే, 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన ఆ భాషలో ఇదే బిల్లును మళ్లీ రాయండి. లెక్క ముందే తెలుసు కాబట్టి తప్పు వస్తే అది భాష వాడకంలోనిదే అని తేలుతుంది. విలువలు దాచే ప్రతి వేరియబుల్‌కూ రకాన్ని ముందుగా ప్రకటించాలని, వరుస ముందు వదిలే ఖాళీ (ఇండెంటేషన్) బదులు మీసాల బ్రాకెట్లు ఉంటాయని గమనిస్తూ, మళ్లీ 50, 51, 100, 101తో పరీక్ష మొదలుపెట్టండి.