ఎర్రపెన్ను పక్కన పెట్టినాక

అనంతపురంలో మా డిగ్రీ క్లాసులో ఒకరి కథ ఒకరు చదివి ఎట్లుందో చెప్పాల, నేనేమో మొదటిసారి ఫ్రెండు కథలో ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ ఎర్రపెన్నుతో దిద్దేసి ఇచ్చినా, వాడు ఆ పేపర్లు మడిచి బ్యాగులో పెట్టుకుని రెండు వారాలు ఏమీ రాయలే. చానా బాధైంది.

ఈసారి పెన్ను పట్టకుండానే రెండుసార్లు చదివినా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ మాత్రమే వాన పడే కరువు జిల్లా మాది, వాని కథలో అవ్వ విత్తనం శెనక్కాయలు వొలుస్తా వొలుస్తా ఆకాశంలో మోడం చూసి ఆగిపోతుంది. "ఆ ఆగిన చెయ్యి నాకు కండ్లముందరే ఉంది రా" అని అదే మొదట చెప్పినా. తర్వాత "కొడుకు బెంగళూరు ఎందుకు పోయినాడో అవ్వకు తెలుసా?" అని ఒక్కటి అడిగినా, అంతే, అది మార్చు ఇది మార్చు అనలే. వాడు అక్కడే కూర్చుని పేజీన్నర రాసినాడు. ఒత్తులు ఆఖరి కాపీలో ఇద్దరం కలిసి చూసుకున్నాం.