పూర్వజన్మ చూడాలని హిప్నాసిస్‌కు వెళ్తున్నారా? ముందు ఈ పనులు చేయండి

కొత్తగా కలిసిన మనిషి ఎప్పటి నుంచో తెలిసినట్టు అనిపిస్తే "ఏ జన్మ రుణానుబంధమో" అంటాం. నీళ్లంటేనో చీకటంటేనో కారణం లేని భయం ఉంటే "పోయిన జన్మలో ఏం జరిగిందో" అంటాం. ఈ మాటలు వింటూ పెరిగిన మనకు, హిప్నాసిస్‌లో పూర్వజన్మ చూపిస్తామని ఎవరైనా చెబితే వెళ్లి చూడాలనిపించడం సహజం. నేనూ అలాగే వెళ్లాను. పునర్జన్మ మీద నాకు నమ్మకం ఉంది, ఈ రోజుకీ ఉంది. అయితే ఆ కుర్చీలో కూర్చుంటే కనిపించేదంతా పూర్వజన్మేనని మాత్రం నమ్మను. ఎందుకో చెబుతూ, వెళ్లాలనుకునే వాళ్లు ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

ముందు ఎందుకు వెళ్తున్నారో రాసుకోండి

ఒక కాగితం మీద రెండు మూడు వాక్యాలు చాలు. ఊరికే తెలుసుకోవాలని వెళ్లడం వేరు, ఒక బాధ తీరుతుందని వెళ్లడం వేరు. నిద్ర పట్టకపోవడం, పానిక్ అటాక్స్, దగ్గరివాళ్లు పోయిన దుఃఖం, ఎంతకీ తగ్గని నొప్పి లాంటివి కారణమైతే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. తెలుగులోనూ మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.

లేనివి వినిపించడం, కనిపించడం లాంటి సమస్యలు ఎప్పుడైనా వచ్చి ఉంటే, బైపోలార్ (విపరీతమైన హుషారు, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉంటే, మూర్ఛ వ్యాధి ఉంటే మీకు వైద్యం చేస్తున్న డాక్టర్‌ను అడగకుండా ఈ పని పెట్టుకోవద్దు. పిల్లల్ని అసలు తీసుకెళ్లొద్దు.

నమ్మకాన్నీ హిప్నాసిస్‌నూ విడిగా చూడండి

పాత బట్టలు వదిలి కొత్తవి కట్టుకున్నట్టు ఆత్మ శరీరాలు మారుస్తుందని గీత రెండో అధ్యాయం చెబుతుంది. సంస్కారాలను, అంటే మనసులో మిగిలిన పాత ముద్రలను, సాక్షాత్కరించుకుంటే పూర్వజన్మ జ్ఞానం కలుగుతుందని పతంజలి యోగసూత్రాల మూడో పాదంలో ఉంది. అక్కడ చెప్పింది ఏళ్ల తరబడి సాగే సాధన గురించి. ఇంకొకరు పక్కన కూర్చుని గంటలో చూపించడం ఆ సంప్రదాయంలో లేదు. 'హిప్నాటిజం' అనే మాటను వాడుకలోకి తెచ్చింది 1840లలో స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ బ్రెయిడ్ అనే డాక్టర్.

పునర్జన్మను అందరికంటే ఓపికగా పరిశోధించిన వాళ్లలో వర్జీనియా విశ్వవిద్యాలయం సైకియాట్రిస్ట్ ఇయాన్ స్టీవెన్సన్ ఒకరు. ఆయన సేకరించినవి ఎక్కువగా మాటలొచ్చిన కొత్తలోనే తమంతట తాము "మా ఇల్లు ఇది కాదు" అని చెప్పిన పిల్లల కేసులు. 1930లలో ఢిల్లీలో శాంతిదేవి అనే అమ్మాయి పోయిన జన్మలో మథురలో ఉన్నానంటూ చెప్పిన, దేశమంతా మాట్లాడుకున్న సంగతులు కూడా ఆ కోవలోవే. హిప్నాసిస్‌లో బయటికొచ్చే పూర్వజన్మ కథల మీద మాత్రం స్టీవెన్సన్‌కే నమ్మకం తక్కువ. కాబట్టి ఒక సెషన్‌లో ఏమీ కనిపించకపోతే మీ నమ్మకానికి వచ్చిన లోటేమీ లేదు.

మనిషిని చూసి ఎంచుకోండి

క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకుంటే వాళ్లను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. మొహమాటపడొద్దు. సెషన్ మధ్యలో నాకు ఏడుపొస్తే, భయమేస్తే మీరేం చేస్తారు అని కూడా అడగండి. మాటలన్నీ ఆడియో రికార్డ్ చేసి ఇస్తారా? తోడుగా వచ్చినవాళ్లు పక్క గదిలో కూర్చోవచ్చా?

మొదటి ఫోన్‌లోనే "మీకు ఫలానా దోషం ఉంది" అనేవాళ్లనూ, బీపీ, షుగర్ మందులు ఆపమనేవాళ్లనూ, ఇరవై సెషన్ల డబ్బు ముందే కట్టమనేవాళ్లనూ వదిలేయండి.

వెళ్లే ముందు రోజు ఒక జాబితా రాయండి

చాలామంది వదిలేసే పని ఇది. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది. మీరు చూసిన పునర్జన్మ సినిమాలు, జానపద సినిమాలు, సీరియళ్లు, చదివిన కథలు, వెళ్లిన కోటలు, గుళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన పాత కబుర్లు, గుర్తొచ్చినంత వరకు రాయండి. కింద, రేపు ఏం కనిపిస్తుందని అనుకుంటున్నారో కూడా రాసి తేదీ వేయండి.

దీనికి కారణం ఉంది. కెనడాలో నికొలస్ స్పానోస్ అనే సైకాలజిస్ట్ చేసిన ప్రయోగాల్లో, పాతకాలంలో పిల్లల్ని బాగా హింసించేవారని కొందరికి ముందుగా చెప్పి హిప్నాసిస్ చేస్తే, ఆ కొందరి 'పూర్వజన్మల్లో' అలాంటి హింస ఎక్కువగా కనిపించింది. మనం ఏం మోసుకుని వెళ్తామో దానితోనే మనసు బొమ్మ గీస్తుంది.

సెషన్‌లో ఏం జరుగుతుంది?

హిప్నాసిస్ అంటే నిద్ర కాదు. ఫ్యాన్ చప్పుడు, రోడ్డు మీద హారన్ వినిపిస్తూనే ఉంటాయి. మొదట ఊపిరి మీద ధ్యాస పెట్టమంటారు, ఒళ్లు వదులు చేయమంటారు. పది నుంచి ఒకటి వరకు లెక్కపెడుతూ మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమంటారు. కింద ఒక తలుపు. అది తెరిచాక "మీ పాదాలు చూసుకోండి, ఏముంది?" అంటారు. చెప్పులా, కడియమా, ఉత్త కాళ్లా అన్న దగ్గర కథ మొదలవుతుంది. అందరూ ఒకేలా హిప్నాసిస్‌లోకి వెళ్లలేరు, కొందరికి ఏమీ కనిపించదు.

అడిగే ప్రశ్నల మీద ఓ చెవి వేసి ఉంచండి. "చుట్టూ ఏముంది?" అనేది మంచి ప్రశ్న. "మిమ్మల్ని ఎవరు చంపారు?" అనే ప్రశ్నలో జవాబు సగం వాళ్లే ఇచ్చేశారు. తెలియకపోతే "తెలియట్లేదు" అనండి. డబ్బు కట్టాం కదా అని, ఎదుటివాళ్లు ఆశగా చూస్తున్నారని కథ అల్లాల్సిన పని లేదు. చావు ఘట్టంలోకి వెళ్దామంటే, ఇష్టం లేకపోతే వద్దని చెప్పే హక్కు మీది. ఎప్పుడు కావాలంటే అప్పుడు కళ్లు తెరవొచ్చు.

అయిపోయాక మంచినీళ్లు తాగి కాసేపు అక్కడే కూర్చోండి. మత్తుమత్తుగా ఉంటే బండి నడపొద్దు.

ఆ రోజే రాయండి, తర్వాత సరిచూడండి

ఇంటికొచ్చాక ఎవరితోనూ చర్చించకముందే కనిపించింది కనిపించినట్టు రాయండి. సెషన్‌లో మీరు అన్నదీ, తర్వాత మీకు తోచిందీ కలవకూడదు. అందుకే రికార్డింగ్ అడగమన్నాను. ఆ తర్వాత ముందు రోజు జాబితా పక్కన పెట్టుకుని చూడండి.

అమెరికాలో కొలరాడో రాష్ట్రం ప్యూబ్లో పట్టణంలో 1952లో ఒక గృహిణి హిప్నాసిస్‌లో తాను 1798లో ఐర్లండ్‌లో పుట్టిన బ్రైడీ మర్ఫీనని చెప్పింది. ఆ యాసలో మాట్లాడింది. 1956లో అది పుస్తకంగా వచ్చి సంచలనమైంది. పాత్రికేయులు ఆరా తీస్తే ఐర్లండ్‌లో అలాంటి మనిషి ఉన్నట్టు రుజువు దొరకలేదు. ఆమె చిన్నతనంలో షికాగోలో వాళ్లింటి ఎదురుగా ఐర్లండ్ మూలాలున్న బ్రైడీ అనే ఆవిడ ఉండేదని మాత్రం తేలింది. ఆ గృహిణి అబద్ధమాడిందని నేననుకోను. ఎక్కడ విన్నామో మరిచిపోయి, విన్నది మాత్రం లోపల ఉండిపోవడం ఎవరికైనా జరిగేదే. హిప్నాసిస్‌లో గుర్తొచ్చినవి మామూలు జ్ఞాపకాల కంటే నమ్మదగ్గవేమీ కావని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1985లోనే చెప్పింది.

కనిపించినదాన్ని బట్టి సంసారాన్ని మార్చకండి

ఇది గట్టిగా చెబుతున్నాను. పోయిన జన్మలో మీ ఆయన మిమ్మల్ని మోసం చేశాడనో, మీ చెల్లెలు మీకు విషం పెట్టిందనో కనిపించిందని ఈ జన్మలో వాళ్లను దూరం పెట్టకండి. ఇంట్లో కొట్టేవాణ్ని "నా కర్మ, తీర్చుకుంటున్నాను" అని భరించమని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. పెళ్లి, ఆస్తి, ఉద్యోగం, ఆపరేషన్ విషయాల్లో సెషన్ మాటను సాక్ష్యంగా తీసుకోవద్దు.

బాగా కదిలించిన దృశ్యాన్ని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి

నాకు కనిపించింది ఒక రేవు. చీకటి పడుతోంది. పడవ మీద లాంతరు, చంకలో బరువైన ఇత్తడి బిందె, అవతలి ఒడ్డున ఎవరో పిలుస్తున్నారు. కళ్లు తెరిచేసరికి చెంపలు తడిసిపోయి ఉన్నాయి. అది నా జన్మేనని రెండు నెలలు గట్టిగా నమ్మాను. నేను రాసిన జాబితాలో పడవ లేదు, రేవు లేదు. ఒక పండక్కి పెద్దమ్మ వచ్చినప్పుడు చెప్పాను. ఆవిడ నా వైపు అలా చూసి, "అదేంటే, అది మా అమ్మ కబురే కదా! గోదావరి దాటి కాపురానికి వచ్చిన రోజుది. నీకు అన్నం పెడుతూ రోజూ చెప్పేది" అంది.

అమ్మమ్మ పోయేనాటికి నాకు అయిదేళ్లు. ఆవిడ గొంతు కూడా గుర్తులేదనుకున్నాను. ఆ రాత్రి పెద్దమ్మను కూర్చోబెట్టి, అవతలి ఒడ్డున పిలిచింది ఎవరో అడిగాను. అమ్మమ్మ వాళ్ల నాన్నట. కూతుర్ని పంపలేక, పడవ కదిలాక కూడా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడట.