సైనిక జోక్యానికి అనుమతిచ్చే తీర్మానాన్ని ఎలా చదవాలి?

‘పౌరుల ప్రాణాలు కాపాడటానికే’ అంటూ ఒక దేశం మరో దేశం మీద బాంబులు వేస్తే, నాయకుల ప్రసంగాలు తర్వాత వినొచ్చు. ముందు భద్రతా మండలి తీర్మానం ఉందో లేదో చూడండి. ఐక్యరాజ్యసమితి చార్టర్ బలప్రయోగాన్ని నిషేధిస్తూ రెండే మినహాయింపులిచ్చింది: ఆత్మరక్షణ, ఏడో అధ్యాయం కింద మండలి అనుమతి. ‘మానవతా జోక్యం’ అనే మూడోది అందులో లేదు. 1999లో కొసోవో కోసం నాటో (అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి) యుగోస్లావియా మీద 78 రోజులు బాంబులు వేసింది మండలి అనుమతి లేకుండానే.

తీర్మానం ఉంటే, చదవడం నేర్చుకోవడానికి లిబియాది మంచి నమూనా. అక్కడి పాలకుడు గడాఫీ తన మీద లేచిన తిరుగుబాటును బలంతో అణచివేస్తుండగా వచ్చిందది. దాని నంబరు 1973, వచ్చింది మాత్రం 2011 మార్చి 17న. నంబరును సంవత్సరం అనుకుని పొరబడొద్దు.

మొదట్లో నంబర్లు లేని పేరాలు పీఠిక. ఆదేశాలన్నీ నంబర్లున్న పేరాల్లోనే ఉంటాయి. పీఠిక చివర ‘ఏడో అధ్యాయం కింద’ అన్న మాట ఉందో లేదో చూసుకుని, ప్రతి పేరా ఏ క్రియతో మొదలవుతోందో గుర్తు పెట్టుకోండి. ‘కోరుతోంది’ వేరు, ‘అధికారమిస్తోంది’ వేరు. ‘అవసరమైన అన్ని చర్యలకూ అధికారమిస్తోంది’ అని ఉందంటే యుద్ధానికి అనుమతి దొరికినట్టే. బాంబు అన్న మాట ఎక్కడా కనబడదు.

పత్రికలు దీన్ని ‘నో-ఫ్లై జోన్ (విమానాలు ఎగరకూడని ప్రాంతం) తీర్మానం’ అన్నాయి. అది 6వ పేరా. అసలు బరువంతా 4వ పేరాలో ఉంది: తిరుగుబాటుదారుల చేతిలోని బెంగాజీ నగరంతో సహా దాడి ముప్పున్న పౌరులనూ జనావాసాలనూ కాపాడటానికి అన్ని చర్యలూ తీసుకోవచ్చు, విదేశీ ఆక్రమణ సేన మాత్రం ఏ రూపంలోనూ కూడదు. నేల మీది ట్యాంకుల్ని కొట్టింది ఈ పేరా బలంతోనే. నిషేధం ‘ఆక్రమణ సేన’ మీదే కాబట్టి ఏప్రిల్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ సైనిక సలహాదారులను పంపగలిగాయి.

తర్వాత గడువు వెతకండి. చాలామంది వదిలేసేదీ, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. 4వ పేరాకు ముగింపు తేదీ లేదు. అంటే ఆపాలన్నా కొత్త తీర్మానం కావాలి, దాడి చేస్తున్న దేశాల్లో మూడింటికి (అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్) వీటో, అంటే ఒక్క ఓటుతో తీర్మానాన్ని అడ్డుకునే అధికారం, ఉంది. గడాఫీ అక్టోబరు 20న చనిపోయాక, 27న 2016వ తీర్మానం వస్తేగానీ ఆ అధికారం రద్దు కాలేదు. పౌరరక్షణకని ఇచ్చిన అనుమతి ప్రభుత్వాన్ని కూల్చేదాకా సాగిందన్న విమర్శకు మూలం ఇక్కడుంది.

ఓట్లు చూడండి: అనుకూలం 10, వ్యతిరేకం 0, ఓటింగ్‌కు దూరం 5 (భారత్, చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీ). తొమ్మిది ఓట్లొచ్చి వీటో పడకపోతే చాలు. శాశ్వత సభ్యదేశం తటస్థంగా ఉంటే అది వీటో కాదు. దూరంగా ఉన్నవాళ్లు ఎందుకున్నారో 6498వ సమావేశం రికార్డులో ఉంటుంది. ఈ చర్యల్లో ఎవరు పాల్గొంటారో, ఏ బలగాలతో, ఎలా అమలుచేస్తారో స్పష్టత లేదని భారత్ అక్కడే చెప్పింది. తర్వాత జరిగినదంతా చూస్తే ఆ ప్రశ్న అక్షరాలా సరైనది.

అలాగని అనుమానించడం ఒక్కటే నేర్చుకుంటే సరిపోదు. జోక్యం చేసుకోకపోవడమూ తీర్మానంతోనే జరుగుతుంది, దాన్నీ ఇంతే శ్రద్ధగా చదవాలి. రువాండాలో ఊచకోత సాగుతుండగా, 1994 ఏప్రిల్ 21న వచ్చిన 912వ తీర్మానం శాంతిసేన విధులను ‘సవరించాలని నిర్ణయిస్తోంది’ అంటుంది. బలగం ఎంతో అందులో రాయలేదు, సెక్రటరీ జనరల్ నివేదికలో 15 నుంచి 18 పేరాలు చూసుకోమంటుంది. ఆ నివేదిక తెరిస్తేనే శాంతిసేనను సుమారు 270 మందికి తగ్గించడమన్న అంకె కనబడుతుంది.