బ్రేక్ తొక్కితే పెడల్ కొట్టుకుంటోందా? ఇలా సరిచేయండి

సింహాచలం కొండ దిగుతూ బ్రేక్ తొక్కితే పెడల్ పాదాన్ని తంతున్నట్టు ఉండి, స్టీరింగ్ వణికితే చాలామంది 'డిస్క్ వంగింది' అనేస్తారు. నిజానికి వంగడం అరుదు. తేడా మందంలో ఉంటుంది. మందంగా ఉన్న చోటు ప్యాడ్ల మధ్యకు వచ్చిన ప్రతిసారీ ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే క్యాలిపర్ పిస్టన్ వెనక్కి జరుగుతుంది. బ్రేక్ ఆయిల్ నొక్కితే కుదించుకోదు కదా, ఆ తోపు పైపుల గుండా పెడల్ దాకా వచ్చేస్తుంది. సడన్ బ్రేక్‌లో మాత్రమే టకటకమంటే అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని, దాని జోలికి పోవద్దు.

ముందు చక్రాలా, వెనకవా? ఖాళీ రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంలో హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కిపట్టి, మెల్లగా లాగండి. బండి ఊగితే వెనక డ్రమ్ములు గుండ్రం తప్పాయి. లేకపోతే ముందు డిస్కులు చూడాలి. (కేబుల్‌తో పనిచేసే హ్యాండ్‌బ్రేక్ అయితేనే ఈ పరీక్ష.)

బండిని స్టాండ్ల మీద నిలిపి చక్రం విప్పండి. డిస్క్ అంచుకు 10 మి.మీ. లోపల, చుట్టూ 8 చోట్ల మైక్రోమీటర్‌తో మందం కొలవండి. వెర్నియర్ పనికిరాదు, అది కొలవగల అతి చిన్న తేడాయే (లీస్ట్ కౌంట్) 0.02 మి.మీ. మనం వెతికే తేడా కూడా దాదాపు అంతే! అది దాటితే లేత్ మీద ఫేసింగ్ (ముఖం చదును) చేయించాలి. డిస్క్ మీద అచ్చయి ఉన్న కనీస మందం కంటే తగ్గితే కుడి, ఎడమ రెండు చక్రాలకూ కొత్త డిస్కులే.

కొత్త డిస్క్ వేసినా కొన్ని వేల కిలోమీటర్లకే వణుకు మళ్లీ వచ్చిందంటే హబ్‌ను (డిస్క్, చక్రం బిగించే భాగాన్ని) అనుమానించండి. రుషికొండ, భీమిలి వైపు ఉప్పుగాలికి హబ్ ముఖం మీద తుప్పు పెచ్చులు కడుతుంది. అక్కడ వెంట్రుకంత పెచ్చు ఉన్నా డిస్క్ అంచు దగ్గర ఊగు (పక్కకు కదలడం) రెండింతలవుతుంది. బ్రేక్ తొక్కకపోయినా ప్యాడ్ ప్రతి చుట్టులో ఒకే చోట రాసుకుని, అక్కడ డిస్క్‌ను అరగదీస్తుంది. వైర్ బ్రష్, ఎమెరీ పేపర్‌తో రుద్దండి. స్టడ్ల (చక్రం నట్లు బిగిసే బోల్టుల) మొదళ్ల చుట్టూ బ్రష్ అందదు, పెచ్చు మిగిలేది అక్కడే. వేలితో తడిమి చూడండి.

డిస్క్ పెట్టి, వాషర్లతో నట్లన్నీ బిగించి, ఊగు కొలిచే డయల్ గేజ్ ఆనించి తిప్పండి. చాలా కార్లకు ఊగు 0.05 మి.మీ. లోపు ఉండాలి. ఎక్కువుంటే డిస్క్‌ను ఒక్కో స్టడ్ జరిపి మళ్లీ చూడండి, తక్కువ వచ్చిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టండి.

క్యాలిపర్ స్లైడ్ పిన్నులు చేతితో కదలాలి. వాటికి సిలికోన్ గ్రీజే వాడండి, మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది. చక్రం నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో చెప్పినంత బిగించండి. గాలి గన్‌తో వదిలేస్తే ఒక్కో నట్ ఒక్కోలా బిగుసుకుంటుంది. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా పంప్ చేయండి.

కొత్త ప్యాడ్లయితే 60 నుంచి 15 కిలోమీటర్ల వేగానికి 8–10 సార్లు తగ్గించండి, మధ్యలో అర నిమిషం గాలి తగలనివ్వండి. వేడి డిస్క్ మీద పెడల్ తొక్కిపట్టి బండి ఆపితే ప్యాడ్ ముద్ర పడుతుంది, వణుకు మళ్లీ మొదలు.