యుద్ధ వార్తలో నిజమెంతో తేల్చుకోవడం ఎలా?

సరిహద్దులో కాల్పులు మొదలైన గంటకల్లా నల్గొండ క్లాక్ టవర్ సెంటర్‌లోనూ, మహబూబ్‌నగర్ బస్టాండులోనూ నలుగురు గుమికూడి ఫోన్లలో వీడియోలు చూపించుకుంటారు. ఇది ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అని అడిగితే ‘అన్ని ఛానళ్లలో వస్తోంది కదా’ అనే జవాబు వస్తుంది. అసలు జబ్బు ఆ జవాబులోనే ఉంది. జిల్లా ఎడిషన్ డెస్కులో ఏళ్ల తరబడి ఇలాంటి వార్తలు దిద్దినవాణ్ని కనుక గట్టిగా చెబుతున్నాను. ఒక సంగతి ఎంతమంది చెప్పారన్నది లెక్కలోకి రాదు. ఎవరు చూశారన్నదే లెక్క.

ఇది కాలక్షేపం వ్యవహారం కాదు. 2022లో ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న పిల్లల కోసం తెలంగాణ తల్లిదండ్రులు ఎంత తల్లడిల్లారో అందరికీ తెలుసు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ ఒకదానిపై ఒకటి క్షిపణులు వేసుకున్నప్పుడు గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లలోనూ అదే గుబులు. కొడుకు సైన్యంలో ఉన్న ఇంటి సంగతి చెప్పనే అక్కరలేదు. అలాంటి ఇంట్లో ఒక తప్పుడు వార్త పడితే అప్పు చేసి విమాన టికెట్టు కొంటారు, తల్లి ఆస్పత్రి పాలవుతుంది.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, పెన్ను, ఇంటర్నెట్ ఉన్న ఫోను, మర్నాటి దినపత్రిక. అంతే. టీవీ అక్కరలేదు. పెట్టక తప్పకపోతే శబ్దం పూర్తిగా తీసేసి కింద కదిలే అక్షరాలు చదవండి. 2025 మే నెలలో భారత్, పాకిస్థాన్ పోరు జరుగుతుండగా కొన్ని ఛానళ్లు వార్తల వెనక సైరన్ మోత పెడుతుంటే, అలా చేయవద్దని కేంద్ర హోంశాఖ కింద పనిచేసే పౌర రక్షణ విభాగం చెప్పాల్సి వచ్చింది. రాత్రి పది దాటాక యుద్ధ వార్తలు చదవకూడదు. ఆ వేళలో వచ్చేది చాలావరకు మర్నాడు నిలవదు.

పుస్తకంలో పేజీని మూడు నిలువు గడులు చేయండి. మొదటిది ‘చూసినవారు’, రెండోది ‘చెప్పినవారు’, మూడోది ‘ఇంకా తెలియనిది’. ఫోనులో రాసుకుంటామంటే కుదరదు. వెబ్‌సైట్లు శీర్షికలు మార్చేస్తాయి, పోస్టులు తొలగిపోతాయి. కాగితం మీద మీ చేతిరాత అలాగే ఉంటుంది.

1. వేళ, చోటు

వార్త చదివిన వేళ రాయండి. ఆ వార్త ఏ ఊరి నుంచి వచ్చిందో డేట్‌లైన్ (వార్త మొదట్లో ఉండే ఊరి పేరు) చూసి రాయండి. సంఘటన ఇస్లామాబాద్‌లో, డేట్‌లైన్ న్యూఢిల్లీ అయితే రాసినవారు అక్కడ లేరన్నమాట. ముందుకు వెళ్లండి.

2. వీడియో, ఫొటో

వీడియోను మూడు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీసి, బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో వేయండి. పాతదైతే ఎక్కువసార్లు దొరికిపోతుంది. దుకాణాల బోర్డుల మీది లిపి, బండ్ల నంబరు ప్లేట్లు, జనం కట్టుకున్న బట్టలు చూడండి. 2025 మేలో ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాలను వైమానిక పోరాటమని పంచారు. 2020 నాటి లెబనాన్ రాజధాని బీరూట్ పేలుడును క్షిపణి దాడి అన్నారు.

నిజమా కాదా అని ఏఐ చాట్‌బాట్‌ను అడిగి ఊరుకునే అలవాటు ఈమధ్య పెరిగింది. అది మానండి. అదే మే నెలలో ఎక్స్‌లోని (పాత ట్విటర్) గ్రోక్ అనే చాట్‌బాట్, సూడాన్ రాజధాని ఖార్తూమ్ విమానాశ్రయంలో తీసిన పాత వీడియోను పాకిస్థాన్‌లోని నూర్ ఖాన్ వైమానిక స్థావరం మీద దాడిగా గుర్తించింది. అడిగినవారు ఆ జవాబునే రుజువుగా పంచుకున్నారు.

3. వార్త మొదలు ఎక్కడుందో పట్టుకోవడం

చదువుకున్నవారు కూడా తడబడేది ఇక్కడే. నింపాదిగా చదవండి.

2025 మే 8 రాత్రిని తీసుకుందాం. భారత నౌకాదళం కరాచీ రేవును ధ్వంసం చేసిందని మన ఛానళ్లు పోటీలు పడి చెప్పాయి. ఆ వార్తను మన గడుల్లో వేసి చూడండి. ‘చెప్పినవారు’ గడి నిండిపోతుంది: యాంకర్లు, విశ్లేషణకు కూర్చున్న మాజీ అధికారులు, లెక్కలేనన్ని ఎక్స్ ఖాతాలు. మంటల వీడియో ఒకటి తిరిగింది. అది 2025 జనవరి 31న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చిన్న విమానం కూలినప్పటిది. కరాచీ పోర్ట్ ట్రస్ట్ సొంత ఎక్స్ ఖాతాలోనే భారీ నష్టం జరిగిందని పోస్టు కనిపించింది. తర్వాత ఆ సంస్థే తమ ఖాతా హ్యాక్ అయిందని చెప్పింది. ఇప్పుడు ‘చూసినవారు’ గడి చూడండి. రేవులో నిలబడి రాసిన విలేకరి పేరు ఒక్కటీ లేదు. ‘ఇంకా తెలియనిది’ గడిలో రాయాల్సింది మాత్రం చాలా పెద్దది: మన నౌకాదళం ఈ సంగతి చెప్పలేదు. మే 11న నౌకాదళం తరఫున వైస్ అడ్మిరల్ ఎ.ఎన్. ప్రమోద్ విలేకరుల ముందుకు వచ్చి, కరాచీ సహా ఎంచుకున్న లక్ష్యాలను కొట్టడానికి నౌకాదళం పూర్తి సన్నద్ధతతో ఉండిందని వివరించారు. సిద్ధంగా ఉన్నామన్నారు, కొట్టామనలేదు. గడులు గీసుకున్నవారికి ఈ తేడా మూడు రోజుల ముందే తెలిసి ఉండేది.

ఒకే బోరుకు పది నల్లాలు బిగించినంత మాత్రాన పది బావులు ఉన్నట్టు కాదు. ఆ బోరులో ఫ్లోరైడ్ ఉంటే పది నల్లాల్లోనూ అదే వస్తుంది. ఈ మాట నల్గొండ జిల్లావాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. కాబట్టి ప్రతి వార్తకూ మూలం వెతకండి. పీటీఐ వార్తాసంస్థ పంపిన ఒకే వార్తను నాలుగు తెలుగు పత్రికలు వేస్తే అది నాలుగు వార్తలు కాదు, ఒకటే. పేరు తీసేసి వేసినా పట్టుకోవచ్చు. పేరాల వరుస ఒకటే ఉంటుంది, అంకెలు ఒకటే ఉంటాయి, విదేశీ ఊరి పేరును అందరూ ఒకే రకంగా తప్పు రాస్తారు. ఈ మూడో గుర్తు నాకు ఎప్పుడూ అక్కరకు వచ్చింది.

తర్వాత వాక్యం చివర చూడండి. ‘అని సమాచారం’, ‘తెలుస్తోంది’, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అని ముగిస్తే ఆ మాటకు పూచీపడే మనిషి లేడు. యుద్ధకాలంలో అలాంటి వాక్యాన్ని పుస్తకంలోకే ఎక్కించవద్దు. ‘రక్షణ శాఖ ప్రతినిధి విలేకరుల సమావేశంలో తెలిపారు’ అంటే పూచీ ఉంది. కానీ ఆయన కూడా పోరాడుతున్న పక్షం మనిషే. మనవారైనా, అవతలివారైనా అది ‘చెప్పినవారు’ గడిలోకే పోవాలి. మనవారి మాటను నేరుగా మొదటి గడిలో రాసేసుకోవడం దేశభక్తి అనుకుంటారు కొందరు. సరిహద్దులో ఉన్న కొడుకు క్షేమం తెలుసుకోవాలనుకునే తల్లికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అబద్ధం చెప్పాలని లేనివారు కూడా పొరబడతారు. 2022 ఫిబ్రవరిలో స్నేక్ ఐలాండ్ అనే ఉక్రెయిన్ దీవి కాపలాదారులందరూ చనిపోయారని ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీయే ప్రకటించారు. తర్వాత వారు ప్రాణాలతో ఉన్నారని, రష్యాకు బందీలుగా చిక్కారని తేలింది. 2023 అక్టోబరు 17న గాజాలోని అల్ అహ్లీ ఆస్పత్రిలో పేలుడు జరిగినప్పుడు, అది ఇజ్రాయెల్ దాడేనన్న గాజా అధికారుల మాటను పెద్ద పెద్ద పత్రికలు శీర్షికలకు ఎక్కించాయి. ఆరు రోజులకు న్యూయార్క్ టైమ్స్, తమ తొలి కథనాలు అప్పట్లో గాజాను ఏలుతున్న హమాస్ మాట మీద అతిగా ఆధారపడ్డాయని సంపాదకుల వివరణ వేసింది. అంత పెద్ద పత్రికే రెండో గడిలోని మాటను మొదటి గడిలో వేసేసింది.

‘నేను చూశాను’ అన్నవారినీ వెంటనే నమ్మకూడదు. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకున్నాక, 1990 అక్టోబరులో నయీరా అనే 15 ఏళ్ల కువైట్ బాలిక అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఎదుట ఏడుస్తూ, ఇరాక్ సైనికులు ఆస్పత్రిలో పసికందులను ఇంక్యుబేటర్ల నుంచి తీసి నేల మీద వదిలేశారని సాక్ష్యం చెప్పింది. ఆమె అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఆ కార్యక్రమం వెనక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ ఉందని లోకానికి తెలిసేసరికి ఇరాక్ మీద అమెరికా చేసిన యుద్ధమే ముగిసిపోయింది. అందుకే చూసినవారి పేరు పక్కన ‘ఎవరి మనిషి’ అని కూడా రాసుకోండి.

మరి ఏ మాటకు బరువు ఎక్కువ? తనకు నష్టం తెచ్చే సంగతిని ఒక పక్షం తానే ఒప్పుకుంటే, ఆ మాటకు. 2025 మే నెల పోరులో విమానాల నష్టం గురించి అటు పాకిస్థాన్ ఎన్నో చెప్పింది, ఇటు స్టూడియోలు ఎన్నో కొట్టిపారేశాయి. మే 31న సింగపూర్‌లో మన త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ నష్టం జరిగిన మాట వాస్తవమేనన్నారు, సంఖ్య చెప్పలేదు, ఆరు విమానాలు కూల్చామన్న పాకిస్థాన్ మాట తప్పన్నారు. ‘నష్టం జరిగింది’ అన్నదాన్ని గట్టి సిరాతో రాసుకోవచ్చు. ‘ఎన్ని’ అన్నది మూడో గడిలోనే ఉంచాలి. మూడో గడిని ఖాళీగా వదలలేక తోచిన అంకెతో నింపడమే ఎక్కువమంది చేసే పొరపాటు. దాన్ని వారాల తరబడి తెరిచి ఉంచే ఓపిక ఉండాలి.

ఇంకో పద్ధతి ప్రచారంలో ఉంది: ఇరువైపుల మాటా విని మధ్యలో ఉన్నది నిజమనుకోవడం. నిష్పాక్షికంగా కనిపిస్తుంది గానీ పనికిరాదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1940 సెప్టెంబరు 15న జర్మన్ విమానాలు 185 కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. నిజానికి కూలినవి 60కి అటూఇటూ. ఒకే విమానాన్ని ముగ్గురు పైలట్లు కాల్చి, ముగ్గురూ తమ లెక్కలో వేసుకుంటే అంకె అలా ఉబ్బుతుంది. రెండు ఉబ్బిన అంకెలను కలిపి సగం చేస్తే నిజం రాదు.

4. మృతుల సంఖ్య

దీన్ని సూర్యాపేట మరిచిపోలేదు. 2020 జూన్ 16న సైన్యం మొదటి ప్రకటనలో, లడఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో ఒక అధికారి, ఇద్దరు సైనికులు అమరులయ్యారని చెప్పింది. ఆ అధికారి సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు. అదే రాత్రికి, తీవ్రంగా గాయపడిన మరో 17 మంది కన్నుమూశారని, మొత్తం 20 మంది అని రెండో ప్రకటన వచ్చింది. మొదటిది దాపరికం కాదు. లడఖ్ ఎత్తుల్లో, గడ్డకట్టే చలిలో గాయపడినవారు ఒక్కొక్కరుగా ప్రాణాలు విడుస్తుంటే ఏ గంటకు ఆ లెక్కే ఉంటుంది. చైనా తన మృతులు నలుగురని చెప్పింది 2021 ఫిబ్రవరిలో.

కాబట్టి అంకె పక్కన గంట రాయండి. ఒక రోజు గడవకుండా ఏ అంకెనూ ఇంకొకరికి చెప్పవద్దు. మృతుల పేర్లు కుటుంబానికి సైన్యం తెలియజేశాక తప్ప నోటితో అనకూడదు.

5. చేయాల్సింది

అక్కడ మీవాళ్లుంటే వాళ్లకే ఫోన్ చేయండి. దొరకకపోతే ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం ప్రకటన చూడండి. రెండు మూడు రోజులు ఏటీఎంలు మూసేస్తారన్న సందేశం 2025 మేలో వాట్సాప్‌లో తిరిగింది. కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) ఫ్యాక్ట్ చెక్ విభాగం అది అబద్ధమని చెప్పింది. ఇలాంటి వదంతులకు, దొంగ ఉత్తర్వులకు ఆ విభాగం పనికొస్తుంది. అయితే అది ప్రభుత్వ విభాగం. యుద్ధరంగంలో ఏం జరిగిందన్న ప్రశ్నకు అది కూడా రెండో గడిలోనిదే.

జడ్చర్ల దగ్గర హైవే మీద సైనిక వాహనాలు వెళ్తుంటే వీడియో తీసి పెట్టకండి. సైనిక కదలికలను ప్రత్యక్ష ప్రసారం చేయవద్దని 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార, ప్రసార శాఖ మీడియాకే కాదు, సామాజిక మాధ్యమాలు వాడేవారికీ చెప్పింది.

మర్నాడు పొద్దున పత్రికను పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి. రాత్రి హోరెత్తిన సంగతి పత్రికలో ఎక్కడా లేకపోతే దాని మీద గీత కొట్టి, దాన్ని చెప్పిన ఛానల్ పేరు వెనక పేజీలో రాయండి. సవరణ వేసిన పత్రిక పేరు కూడా రాయండి, ఇది ఇంకో వరుసలో. వారం గడిచాక మొదటి వరుసలో మూడుసార్లు వచ్చిన ఛానల్‌ను ఇంట్లో పెట్టడం మానేయండి.