పాత కుండీ మట్టిని మళ్లీ వాడేముందు: మిద్దె తోటలో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల మిద్దె తోటలకు అసలైన పంటకాలం ఈశాన్య రుతుపవనాలతో మొదలవుతుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో నాటిన వంగ, టమాటా, బెండ ఉగాది దాటేసరికి ఎండకు ఆగలేక ముగిసిపోతాయి, కుండీల్లో మట్టి మిగులుతుంది. ఆ మట్టిని పారబోయవలసిన పని చాలా సందర్భాల్లో ఉండదు. అయితే కుండీలన్నిటినీ ఒకే కుప్పగా పోసి, ఇంత ఎరువు కలిపి తిరిగి నింపే అలవాటును మాత్రం మానుకోవాలి. వేళ్లు చూడకుండా ఒక టమాటా కుండీ మట్టిని మిగిలిన పదకొండింటితో కలిపిన పాపానికి, మరుసటి ఏడాది మా మిద్దె మీద బెండ మొక్క ఒక్కటీ మోకాలెత్తు దాటలేదు. మొక్కను పీకిన రోజునే వేరుముద్దను విదిలించి చూసి, అనుమానం ఉన్న మట్టిని విడిగా ఉంచితే కింద చెప్పిన సమస్యల్లో సగం ఆ కుండీలోనే ఆగిపోతాయి.

మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకోవడం, ఎరువు వేసినా ఎదగకపోవడం

నీరు చాలలేదనుకుని మరింత పోస్తారు గాని, చాలాసార్లు కారణం వేళ్లలో ఉంటుంది. వేళ్లపై మినపగింజంత మొదలుకొని శనగగింజంత వరకు బుడిపెలు కనిపిస్తే అవి వేరుబుడిపె నులిపురుగులు, అంటే మట్టిలో ఉండి వేళ్లలో చొరబడే, కంటికి ఆననంత సన్నని పురుగులు చేసినవి. అలసంద, చిక్కుడు వేళ్ల మీద మాత్రం మేలుచేసే బుడిపెలు కూడా ఉంటాయి కనుక తేడా గుర్తించాలి: మేలైన బుడిపె గోటితో గీరితే ఊడివస్తుంది, చిదిమితే లోపల గులాబి రంగు కనిపిస్తుంది, నులిపురుగు బుడిపె వేరే ఉబ్బి ఏర్పడుతుంది కాబట్టి లాగితే వేరు తెగుతుందే తప్ప బుడిపె విడిగా రాదు.

దీనికి మన ఎండను మించిన మందు లేదు. ముందుగా వేళ్లన్నీ ఏరి పారేయాలి. వాటిని కంపోస్టు తొట్టెలో వేస్తే పురుగును పెంచి పోషించినట్లే. తరువాత మట్టిని మిద్దె మీద పరదాపై జానెడు మందానికి మించకుండా పరిచి, పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టేటంత తడిపి, పలుచని పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, గాలి చొరకుండా అంచుల మీద ఇటుకలు పెట్టాలి. నల్ల షీటు వాడితే షీటు వేడెక్కుతుంది గాని మట్టికి అంత వేడి అందదు. పొడి మట్టిని కప్పినా ప్రయోజనం తక్కువే, ఎందుకంటే తడి మట్టిలోనే వేడి లోతుకు దిగుతుంది. ఏప్రిల్ చివర మొదలుపెట్టి, రోళ్లు పగిలే రోహిణి కార్తె పూర్తయ్యే దాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే ఉంచి, మధ్యలో రెండుసార్లు తిరగేయాలి. ఆ తరువాత 10 కిలోల మట్టికి సుమారు 100 గ్రాముల వేపపిండి కలిపి, తడి ఆరకుండా రెండు వారాలు ఆగి విత్తుకోవాలి. వేపపిండి వేసిన వెంటనే విత్తితే లేత మొలకలు దెబ్బతినవచ్చు. వీలుంటే అదే కుండీలో ఒక పంటకాలం బంతిని ఒత్తుగా పెంచి, ఆపైన టమాటాకు తిరిగి రావడం ఇంకా మంచిది.

మట్టి మీద తెల్లని పొర, ఆకు అంచులు మాడిపోవడం

ఇది మన తీరప్రాంతపు సొంత సమస్య. బోరు నీటిలోని లవణాలు కుండీలో చేరుతాయి, నీరు ఆవిరై అవి మాత్రం మిగులుతాయి. ఏడాదికేడాది పేరుకుని కుండీ అంచుకు, మట్టి పైభాగానికి సున్నం పూసినట్లు కనిపిస్తాయి. కడగని కొబ్బరి పొట్టు, సముద్రపు ఇసుక, సరిగా చివకని కోళ్ల ఎరువు ఇదే భారాన్ని పెంచుతాయి. చవకగా దొరుకుతుందని రొయ్యల గుంటల మట్టిని తెచ్చుకునేవారు కూడా ఉన్నారు. నా మటుకు ఆ మట్టిని ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

పైపొరను అంగుళం మేర గీకి తీసేసి, మిగిలిన మట్టిని కడగాలి. 20 లీటర్ల కుండీ అయితే దాదాపు 40 లీటర్ల మంచి నీటిని, అడుగు రంధ్రాల నుంచి ధారాళంగా కారేటట్లు, రెండు మూడు విడతలుగా నిదానంగా పోయాలి. వాననీరు అన్నిటికన్నా మేలు, లేకపోతే కుళాయి నీరు. అదే బోరు నీటితో కడిగితే ఫలితం అంతంతమాత్రమే. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఉన్నవారు పోసిన నీటిని, కారిన నీటిని కొలిచి, రెండు అంకెలు దగ్గరపడే దాకా కొనసాగించవచ్చు. కడిగినప్పుడు ఉప్పుతో పాటు నత్రజని కూడా పోతుంది కాబట్టి ఎరువును తరువాతే కలపాలి, ముందు కలిపితే అది కాలువ పాలవుతుంది. కారే నీరు పళ్లెంలో నిలిచి తిరిగి మట్టిలోకి పీల్చుకోకుండా కుండీ కింద రెండు ఇటుకలు పెట్టడం మరచిపోకూడదు.

పోసిన నీరు అంచుల వెంట జారిపోవడం, లేదా పైనే నిలిచిపోవడం

ఈ రెండూ ఒకేలా కనిపించినా వేర్వేరు. వేసవంతా ఎండిన కొబ్బరి పొట్టు ముడుచుకుని కుండీ గోడను వదిలేస్తుంది, ఆ సందులోంచి నీరు దిగిపోతుంది. కుండీని నీళ్ల తొట్టెలో బుడగలు ఆగే వరకు ముంచి ఉంచితే సరిపోతుంది. నీరు పైనే నిలుస్తుంటే, సేంద్రియ పదార్థం చివికి పోయి మట్టి మెత్తని పొడిగా దిగబడిందన్నమాట. అప్పుడు మట్టిని ఆరబెట్టి జల్లెడ పట్టి, పిండిలాంటి భాగాన్ని నేల మీది చెట్ల పాదులకు వాడి, మిగిలిన దానికి మూడో వంతు కొత్త సరుకు, అంటే చివికిన పశువుల ఎరువు, కడిగిన కొబ్బరి పొట్టు, ఏటి గరుకు ఇసుక, కాస్త ఊక బొగ్గు కలపాలి. రైసు మిల్లు నుంచి తెచ్చిన పచ్చి ఊకను నేరుగా కలిపితే అది చివకడానికి మట్టిలోని నత్రజనినే వాడుకుంటుంది, మొలకలు పసుపుపచ్చగా మారుతాయి.

పచ్చని మొక్క ఒక్కసారిగా తల వాల్చడం, నారు మొదట్లో కుళ్లి పడిపోవడం

వాడిన వంగ లేదా టమాటా కాండాన్ని కోసి, గాజు గ్లాసులోని నీటిలో ఆ కోతను ముంచి కదపకుండా పట్టుకోవాలి. కొద్ది నిమిషాల్లో పాలవంటి దారం కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ మట్టిని బాగుచేసే ప్రయత్నం మానుకుని, తోటకు దూరంగా గుంత పూడ్చడానికి వాడి, కుండీని బ్లీచింగ్ పొడి నీటితో కడగడమే వివేకం. దారం రాకుండా, కింది ఆకులు ముందు పసుపెక్కి, కాండం లోపల గోధుమ చారలు ఉంటే అది శిలీంధ్రపు ఎండు తెగులు. దీనికీ, నారుకుళ్లుకూ పైన చెప్పినట్లు ఎండబెట్టి, మట్టి చల్లారాక ట్రైకోడెర్మా, అంటే తెగులు శిలీంధ్రాలను అణచే మేలుచేసే శిలీంధ్రం, కలపాలి. 9 కిలోల చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, 100 నుంచి 200 గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనె సంచి కప్పి వారం పది రోజులు మాగనిచ్చి వాడుకోవాలి. పాలిథిన్ కప్పకముందే ట్రైకోడెర్మా కలిపితే దాన్నీ చేజేతులా ఉడికించినట్లవుతుంది.

మట్టిలోంచి ఆకులు లేని ఊదారంగు పూలకొమ్మ లేవడం

పొగాకు చేల మట్టి తెచ్చినవారికి ఇది పరిచయమే: పొగాకు మల్లె. ఇది టమాటా, వంగ వేళ్లనూ పట్టి పీలుస్తుంది. ధూళి వంటి దాని విత్తనాలు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి కనుక, పూలు విచ్చకముందే పీకి కాల్చేసి, ఆ మట్టిలో కొన్నేళ్లపాటు బెండ, ఆకుకూరలు మాత్రమే వేయాలి.

ఇక తెల్లగా, ముడుచుకున్న లావాటి వేరుపురుగులు ఎక్కువగా పచ్చి పేడతో వస్తాయి. ఏరి పారేసి, పూర్తిగా చివికిన ఎరువునే వాడితే చాలు.

సిద్ధమైందనుకున్న మట్టిని కుండీలన్నిటికీ పంచేముందు, ఒక చిన్న డబ్బాలో నింపి చిటికెడు మెంతులు చల్లి చూడాలి. వారంలో మొలకలు సమంగా రాకపోయినా, కొనలు మాడినా, ఉప్పు కడగడమో ఎరువు చివకడమో ఇంకా మిగిలి ఉందని అర్థం. నులిపురుగు అనుమానం ఉన్న మట్టికి మాత్రం మెంతుల పరీక్ష చాలదు. రెండు బెండ గింజలు వేసి, నాలుగైదు వారాలు పెంచి, పీకి వేళ్లు కడిగి వెలుతురులో చూడాలి.